నూటికి ముప్పై ఎనిమిది ఖాళీ

మా అమ్మ నూటికి ముప్పై ఎనిమిది వంతులు ఖాళీగా ఉంటోందని కంపెనీ నుంచి కబురు వచ్చిన రోజున, అమ్మ పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. మూడోసారి వేయబోతుంటే నేను చెయ్యి పట్టుకున్నాను. అమ్మ నా చేతి వంక చూసి, తర్వాత నా ముఖం చూసి, "ఎవరు కావాలండీ?" అంది.

కాసేపటికి అమ్మే తేరుకుని, "ఈశ్వరీ, నువ్వా" అని నా చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుంది.

కబురు ఫోనులో ఉంది. "కోటేశ్వరమ్మ గారూ! గత నెల మీ తల వినియోగం 62 శాతం, ఖాళీ 38 శాతం. మీ ఖాళీ సమయం సద్వినియోగం కావాలని సోమవారం నుంచి మీకు ఆరో గది తెరుస్తున్నాం. అభినందనలు." అభినందనల పక్కన ఒక పువ్వు బొమ్మ.

"ఏందంట?" అంది నాయనమ్మ వాకిట్లోంచి.

"అమ్మ ఖాళీగా ఉంటందంట."

"ఎవురు జెప్పారు?"

"మీటరు జెప్పింది."

"ఆ మీటరునొచ్చి ఈ పప్పు తినమను" అంది నాయనమ్మ.

అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆరో గది అంటే ఏమిటో మా వీధిలో అందరికీ తెలుసు. ఎదురింటి పున్నమ్మత్తకు మూడు నెలల కిందట ఆరో గది తెరిచారు. ఇప్పుడు ఆమె పొద్దుటినుంచి సాయంత్రం దాకా వాళ్ళ గడప మీద కూర్చుని ఉంటుంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. చేతులు రెండూ ఒళ్ళో, కొంగు కింద. ఎవరైనా "పున్నమ్మా" అని పిలిస్తే "ఒక్క నిమిషం, వస్తన్నా" అంటుంది. రాదు. కూతురు ముద్ద కలిపి నోట్లో పెడితే తింటుంది. కంపెనీ డాక్టరు కళ్ళలో లైటు వేసి చూసి, ఒంట్లో ఏమీ లోపం లేదని చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె చివరి నెల మీటరు ఎంత చూపించిందో నాకు తెలుసు, ఎందుకంటే వాళ్ళ అమ్మాయి ఆ కబురు నాచేతే చదివించుకుంది. ఖాళీ 71 శాతం. ఏడో గదికి మీరు అర్హులు, అభినందనలు. పువ్వు బొమ్మ.

గదుల సంగతి చెప్పాలి.

మగ్గాలు ఆగిపోయిన రెండేళ్ళకు కంపెనీ వాళ్ళు మా ఊరి సొసైటీ షెడ్డు తీసుకున్నారు. మగ్గం గుంటలు పూడ్చి, సిమెంటు చేసి, పదకొండు కుర్చీలు వేశారు. కుర్చీలో కూర్చున్న మనిషి నుదుటికి మెత్తటి పట్టీ కడతారు. యంత్రాలకు ఇంకా చేతకాని పనులు కొన్ని మిగిలి ఉన్నాయి. ఒక ముసలాయన దగ్గు విని, అది జలుబు దగ్గో, భయాన్ని దాచుకుంటున్న దగ్గో చెప్పాలి. రెండు ఎరుపులు చూసి ఏది వెలిసిన ఎరుపో చెప్పాలి. ఒక ఫిర్యాదు చదివి, రాసినవాళ్ళు నిజంగా దెబ్బతిన్నారో లేదో చెప్పాలి. అమ్మ నోటితో ఏమీ చెప్పదు. పట్టీ వాటిని ఆమె తలకు చూపిస్తుంది, ఆమెకు అనిపించినదాన్ని తీసుకుంటుంది.

ఒక తలను ఒక్కరికే ఇస్తే దండగని కంపెనీ వాళ్ళు దాన్ని గదులుగా విడగొట్టారు. ఒక్కో గది ఒక్కో ఖాతాదారుడిది. ఆసుపత్రివాళ్ళు, రంగులవాళ్ళు, బీమావాళ్ళు, ఇంకో ఇద్దరు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ప్రతివాళ్ళకూ ఒక పూర్తి తల ఇచ్చినట్టే కాగితం ఉంటుంది. అలా ఐదు తలలకు ఐదు కాగితాలు ఉన్నాయి. ఉన్నది మా అమ్మ తల ఒక్కటే. అది ఐదారు సెకన్లు ఒక గదిలో ఉండి, అక్కడి సామాను సర్దేసి, ఇంకో గదిలోకి పోయి, అక్కడి సామాను తీసి, మళ్ళీ మొదలుపెడుతుంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా.

"ఐదు తలలున్నా కొప్పు మాత్రం ఒకటే పెడతంది నా కోడలు" అనేది నాయనమ్మ, మొదట్లో, ఇది నవ్వే విషయంగా ఉన్నప్పుడు.

ప్రతి కుర్చీ వెనకా ఒక చిన్న పలక ఉంటుంది. దాని మీద గదికొక దీపం. అమ్మ ఏ గదిలో ఉంటే ఆ దీపం వెలుగుతుంది. దీపం వెలిగిన సేపంతా మీటరు పని కింద లెక్కపెడుతుంది. ఏ దీపమూ వెలగని సేపును ఖాళీ అంటుంది.

నాలుగున్నరకు బడి వదిలాక నేను అమ్మకు మజ్జిగ తీసుకెళ్ళి, ఐదు దాకా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంటాను. నాతో ఎవరూ మాట్లాడరు, నేనూ మాట్లాడను. తరగతిలో జవాబు తెలిసినా నేను చెయ్యి ఎత్తను. ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటాను. ఆ కబురు వచ్చిన రోజు కోపంతో పాత కబుర్లన్నీ వెతికి డైరీలో ఒకదాని కింద ఒకటి రాశాను. అమ్మకు రెండు గదులున్నప్పుడు ఖాళీ తొమ్మిది. మూడున్నప్పుడు పదిహేడు. నాలుగు, ఇరవై ఆరు. ఐదు, ముప్పై ఎనిమిది. దాని కింద పున్నమ్మత్త ఆరు, డెబ్బై ఒకటి.

రాసినదాన్ని మూడుసార్లు చదివాను. పని పెరిగేకొద్దీ ఖాళీ పెరిగే మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఖాళీ పెరిగిందని ఇంకో గది తెరుస్తారు. తెరిస్తే ఖాళీ ఇంకా పెరుగుతుంది. ఆ లెక్కన మనిషి పూర్తిగా ఆగిపోయిన రోజున మీటరు అందరికంటే ఎక్కువ ఖాళీ చూపిస్తుంది. చూపించింది కూడా. ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఆ అంకెలు వేసి, పక్కన పువ్వు బొమ్మ పెట్టి పంపుతున్నారు.

మర్నాడు షెడ్డులో దీపాలను చూడటం మానేసి అమ్మను చూశాను. కళ్ళు సగం మూసి ఉన్నాయి. ముఖంలో ఏమీ లేదు. కాని దీపం ఆరగానే అమ్మ కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలుసుకుని, ఒకసారి మెలితిప్పినట్టు కదిలాయి. మళ్ళీ ఇంకోసారి. దీపం వెలిగింది, వేళ్ళు ఆగాయి. దీపం ఆరింది, వేళ్ళు కదిలాయి. మజ్జిగ తాగడానికి పట్టీ తీశాక మాత్రం, ఇంకో రెండు మెలికలు తిప్పి, వేళ్ళు గ్లాసు చుట్టూ ఊరికే ఉన్నాయి.

ఇంటికి రాగానే నాయనమ్మ ముందు కూర్చుని నా వేళ్ళతో అలాగే చేసి చూపించాను.

"దీపం ఆరినప్పుడల్లా అమ్మ ఇట్టా అంటంది. ఏంది నాయనమ్మా ఇది?"

నాయనమ్మ చూపు సరిగ్గా ఆనక నా చెయ్యి దగ్గరికి లాక్కుంది. మళ్ళీ చెయ్యమంది. చేశాను.

"అతుకేనే అది" అంది. "అచ్చు అతుకుతంది మీ అమ్మ."

నేను పుట్టేసరికే మా ఇంట్లో మగ్గం లేదు. నాయనమ్మ చెబితేనే తెలిసింది. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయాక కొత్త పడుగు ఎక్కించాలంటే, పాత పోగు కొసకు కొత్త పోగు కొస కలిపి మెలితిప్పాలట. ఒక్కొక్క పోగూ. రెండువేల పైచిలుకు. వేళ్ళు జారకుండా బూడిద అద్దుకుంటారు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా అదే పని. ఆ రోజున జానెడు గుడ్డ కూడా దిగదు.

"మీ అమ్మ కాపరానికొచ్చిన ఏడు నేనే నేర్పిచ్చా. దానికీ, ఎదురింటి పున్నమ్మకీ. ఈ వీధిలో వాళ్ళిద్దరి చేతులంత నాణ్యమైన చేతులు లేవు."

"గుడ్డ దిగకపోతే నూలిచ్చిన షావుకారు ఊరుకునేవాడా?"

"అతుకు రోజున గుడ్డెంతయిందని అడిగే మొనగాడెవడు? అట్టా అడగటం తప్పు. వాకిట్లోకొచ్చినా, బూడిద చిప్ప చూసి వెనక్కి తిరిగి పొయ్యేవాడు. ఇంట్లో వాళ్ళం కూడా అతుకు మనిషిని పేరు పెట్టి పిలిచేవాళ్ళం కాదు. పిలిస్తే తలెత్తుద్ది. తలెత్తితే పోగు తప్పుద్ది. ఒక్క పోగు తప్పితే మొదట్నించీ చూసుకోవాల. బిడ్డ ఏడిచినా పక్కవాళ్ళు ఎత్తుకోవాల్సిందే."

నాకు పప్పు, ఉప్పు, "ఎవరు కావాలండీ" గుర్తొచ్చాయి. షెడ్డు నుంచి వచ్చాక కూడా గంటసేపు అమ్మ అతుకుతూనే ఉంటుందన్నమాట. ఐదు గదులనుంచి ఇంటికి. నేను సరిగ్గా అప్పుడే చెయ్యి పట్టుకున్నాను.

గురు, శుక్రవారాలు బడి ఎగ్గొట్టి షెడ్డులోనే కూర్చున్నాను. దీపం ఆరినప్పుడల్లా డైరీలో ఒక గీత, వేలు తిప్పినప్పుడల్లా ఒక చుక్క. వేళ్ళు కదలకుండా దీపం ఆరిన సందర్భాలను విడిగా రాశాను. రెండు రోజుల్లో అవి తొమ్మిది. తొమ్మిదిసార్లూ పట్టీ సరిచేసుకోవడానికో, దగ్గడానికో అమ్మ నిజంగా ఆగింది.

శనివారం కంపెనీ ఇంజినీరు వచ్చాడు. నెలకోసారి పలకలు తనిఖీ చేయడానికి వస్తాడు. పేరు వంశీధర్. మాట మెత్తనిది. రాగానే అందరినీ "బాగున్నారా అమ్మా" అంటాడు, జవాబు వినకుండా పలక విప్పుతాడు.

అతను అమ్మ కుర్చీ దగ్గరికి వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. రాత్రంతా అనుకున్న మాటలేవీ చెప్పకుండా డైరీ ముందుకు చాపాను. అతను రెండు పేజీలు తిప్పాడు.

"చేతిరాత బాగుంది పాపా. ఏ క్లాసు?"

"చేతిరాత చూడమని ఇవ్వలేదు సార్. అమ్మ ఖాళీగా లేదు. దీపం ఆరినప్పుడు కూడా పనిలోనే ఉంది."

"అలా అనిపిస్తుంది. మీటరుకు అనిపించడాలుండవు కదా" అన్నాడు నవ్వుతూ.

"అయితే పరీక్ష పెట్టండి. నేను పలక వెనక్కి పోను. అమ్మ చేతిని మాత్రమే చూస్తా. దీపం ఆరినప్పుడు ఆరిందంటా, వెలిగితే వెలిగిందంటా. మీరు పలక చూసుకోండి."

పక్క కుర్చీలో పట్టీ తీసి నీళ్ళు తాగుతున్న రాహేలమ్మ, "పెట్టు నాయనా, పరీక్షలు పాస్ కాకుండానే వచ్చావా ఇక్కడికి" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అతను వాచీ చూసుకుని ఒప్పుకున్నాడు.

అమ్మ ముందు నేల మీద కూర్చున్నాను. వేళ్ళు తప్ప ఇంకేమీ చూడలేదు. ఆరింది. వెలిగింది. ఆరింది. మొదట అతను "ఊ, ఊ" అంటూ విన్నాడు. పది దాటాక ఊకొట్టడం మానేశాడు. ముప్పై దాటాక పలకకు ఇంకా దగ్గరగా వంగాడు. యాభైసార్లు చెప్పాను. రెండుసార్లు తప్పాను. ఆ రెండూ కూడా, దీపమే ఒక చిటికె ఆలస్యంగా వెలిగిందని అతనే చెప్పాడు.

అతను ట్యాబ్ తీసి ఏదో వెతికాడు.

"మీటరు గది లోపలే లెక్కపెడుతుంది" అన్నాడు, నాతో కాదు, ట్యాబ్‌తో చెబుతున్నట్టు. "ఒక గదికీ ఇంకో గదికీ మధ్య ఏముందో దానికి తెలియదు. రెండు గదులున్న రోజుల్లో రాసిన పుస్తకం ఇది. ఇదుగో, ఇక్కడే ఉంది. గది మారే కాలం స్వల్పం, లెక్కలోకి తీసుకోనవసరం లేదు."

"ఎవరికి స్వల్పం సార్?" అన్నాను.

స్వల్పమనే మాట ముందే ఆ పుస్తకంలో రాసిపెట్టి ఉంది. ఏ ఊరినుంచో ఎవరో కుర్చీలో కూర్చుని ఆ వాక్యం రాశారు. ఆ కుర్చీలో ఉన్న మనిషి నుదుటికి పట్టీ లేదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు గదులు పెంచారు గాని ఆ వాక్యాన్ని ఎవరూ మళ్ళీ తిప్పి చూడలేదు. పున్నమ్మత్త ఆ వాక్యంలోకి వెళ్ళి ఇంకా బయటికి రాలేదు.

"నేను పైకి రాస్తాను" అన్నాడు వంశీధర్. "మీటరు మార్చాలంటే ఆరు నెలలు పడుతుంది."

"ఆరో గది సోమవారం."

"దాన్ని ఆపడం నా చేతిలో లేదమ్మా. ఖాళీ అయిదు శాతం దాటితే గది దానంతట అదే తెరుచుకుంటుంది."

ఒకటి గుర్తొచ్చింది. ముందు రోజు డైరీలో రాసి కొట్టేశాను, పిచ్చి ఆలోచన అని. "తెరవనివ్వండి. ఆరో దీపం పెట్టండి. కాని అది అమ్మ వేళ్ళు కదిలినప్పుడు వెలగాలి. వేళ్ళు కదపమని చెప్పేది తలే కదా, పట్టీకి అది తెలియదా?"

"తెలుస్తుంది" అన్నాడు. ఆలోచించాడు. "తెలుస్తుంది. అప్పుడు గది మారే కాలమంతా ఆరో గదిలో పనిగా ఎక్కుతుంది. ఖాళీ పడిపోతుంది. కాని గది తెరవాలంటే ఖాతాదారు ఉండాలి. తనిఖీ కోసమని నా పేరు మీద ఒక ఖాతా తెరవచ్చు. తొంభై రోజులు ఉంటుంది. తర్వాత నేనే వచ్చి మళ్ళీ తెరవాలి." ట్యాబ్‌లో కాగితం నింపడం మొదలుపెట్టి ఒకచోట ఆగాడు. "గదిని వాడుకునేవాళ్ళ పేరు రాయాలి. ఎవరి పేరు రాయను?"

అప్పటికి అమ్మ పట్టీ తీసేసి ఉంది. ఎప్పుడు తీసిందో చూడలేదు. వేళ్ళు ఆగేదాకా ఉండి, "నా పేరే రాయి బాబూ" అంది.

"మీ పేరెలా రాస్తానమ్మా, మీరు ఖాతాదారు కాదు కదా. మీరు అద్దెకిచ్చే..."

అతను ఆ మాట పూర్తి చేయలేదు. పూర్తి చేసి ఉంటే ఏమనేవాడో షెడ్డులో పదకొండు మందికీ తెలుసు. అతని చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని అమ్మ పేరు రాశాడు.

సోమవారం ఆరు దీపాలు వెలిగాయి. ఆరోది పసుపుపచ్చది. ఐదింటికి పలక మీద అంకె చూశాను. ఖాళీ 2 శాతం. ఆ రెండూ అమ్మ దగ్గినప్పటివి, పట్టీ సరిచేసుకున్నప్పటివి. అవి నా డైరీతో సరిపోయాయి. ఇంకో గది ఇక తెరుచుకోదు. గురువారానికి, ఉన్న ఐదింటిలో రెండు గదులు వేరే ఊరికి మార్చినట్టు కబురు వచ్చింది, తల నిండిపోయిందని. పువ్వు బొమ్మ లేదు.

అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను. కాని డైరీలో ఆ రోజు రాసింది వేరే. మా అమ్మ తల మా అమ్మదే. అందులో తన పోగులు తను అతుక్కోవడానికి, ఆమె తన పేరు మీద ఒక గది అద్దెకున్నట్టు కాగితం రాయించుకోవాల్సి వచ్చింది. అది కూడా తొంభై రోజులకే. తొంభయ్యో రోజు ఏ తేదీనో లెక్కవేసి ఆ పేజీ అంచు మడిచాను.

ఇంకా పదిమంది ఉన్నారు. అందరూ అతుకు నేర్చినవాళ్ళు కాదు. రాహేలమ్మ దీపం ఆరినప్పుడు కుడిపాదం నొక్కుతుంది, మగ్గం తొక్కినట్టు. మిగతావాళ్ళ గుర్తులు ఒక్కొక్కటే పట్టుకోవాలి. సోమవారం దీపం పెట్టడానికి వచ్చిన వంశీధర్ గారితో, మళ్ళీ వచ్చేసరికి పది పేజీలు సిద్ధంగా ఉంచుతానని చెప్పాను. చేతిరాత గురించి ఆయన ఈసారి ఏమీ అనలేదు.

ఆదివారం మధ్యాహ్నం పున్నమ్మత్త వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె గడప మీదే ఉంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. వాళ్ళ అమ్మాయి నన్ను చూసి, "అమ్మా, ఈశ్వరొచ్చింది" అని పిలవబోయింది. నేను వద్దని చెయ్యి ఊపాను.

మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాను. నెమ్మదిగా ఆమె ఒళ్ళో కొంగు పక్కకు తీశాను.

బొటనవేలూ చూపుడువేలూ కదులుతున్నాయి. ఒక మెలిక, ఇంకో మెలిక. చర్మం అరిగి, వేలికొనలు రెండూ నున్నగా మెరుస్తున్నాయి. రెండు నెలలుగా ఎవరూ ఆ కొంగు తీసి చూడలేదు. డాక్టరు కళ్ళలో లైటు వేసి చూశాడు గాని చేతులు చూడలేదు. మేమందరం రోజుకు పదిసార్లు పేరు పెట్టి పిలుస్తూ వచ్చాం. పిలిచినప్పుడల్లా ఆమె తలెత్తి, వస్తన్నా అని, తప్పిన పోగుకోసం మళ్ళీ మొదటికి పోయింది.

ఇంటికి పరుగెత్తుకెళ్ళి నాయనమ్మను అడిగి చిప్పలో పొయ్యి బూడిద తెచ్చాను. గడప పక్కన, వీధిలో పోయేవాళ్ళందరికీ కనిపించేలా పెట్టాను. కాసేపటికి పాలవాడు వచ్చి "పున్నమ్మగారూ" అని నోరు తెరవబోయి, చిప్ప వంక చూసి, చప్పుడు చేయకుండా చెంబు కింద పెట్టి వెళ్ళాడు.

పున్నమ్మత్త వేళ్ళు వెతుక్కుంటూ చిప్పలోకి వచ్చాయి. బూడిద అద్దుకుని మళ్ళీ ఒళ్ళోకి పోయాయి. మెలిక ఈసారి జారలేదు.

డైరీలో కొత్త పేజీ తీసి పైన ఆమె పేరు రాశాను. కింద ఇలా రాశాను: ఖాళీ సున్నా. ఎవరూ పిలవకండి.